ఆ మార్పు సింహాచలం గారిది

సింహాచలం గారు పోయారన్న వార్త ఒక ఆదివారం ఉదయం జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ బజారులో కూరగాయలు కొంటూ ఉండగా నాకు చేరింది. ఫోను చేసింది ఆయన కుమార్తె గౌరి. "అంకుల్, నాన్న నహీ రహే," అంది. "పొద్దున్న టీ తాగి కూర్చున్నారు. కూర్చున్నట్టే ఒరిగిపోయారు," అని తెలుగులో పూర్తి చేసింది. చేతిలోని సంచీ ఏ దుకాణం దగ్గర వదిలేశానో తెలియదు. ఆటో ఎక్కి భుయ్యాడీహ్ చేరేసరికి వాళ్ల వాకిట్లో అప్పటికే పదిమంది చేరి ఉన్నారు. వారం క్రితమే సాక్చీలో ఎదురుపడి, "రమణబాబూ, నీరసంగా అవుపడుతన్నారు, ఓపాలి షుగర్ సూపించుకోండి," అని నాకు హితవు చెప్పిన మనిషి తెల్లని దుప్పటి కింద నిశ్చలంగా ఉన్నారు.

దుఃఖం కలిగింది. దానితోపాటు మరొక భావం కూడా కలిగింది. దాన్ని దాచి ఈ నివాళి రాస్తే ఆయనకు మరోసారి ద్రోహం చేసినవాణ్ణవుతాను. ఆ పార్థివదేహం ముందు నిలబడి ఉండగా, 'ఇక ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు' అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చిపోయింది. అందులో కాస్త ఊరట ఉంది. ఆ ఊరటను తలుచుకుంటే ఇప్పటికీ నా తల వాలిపోతుంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ఆయనను ఎరగనివారి కోసం ముందు నాలుగు మాటలు. సింహాచలం గారి తండ్రి ఆమదాలవలస ప్రాంతం నుంచి పొట్ట చేతపట్టుకుని జంషెడ్‌పూర్ వచ్చి కాంట్రాక్టు పనుల్లో కుదురుకున్నారు. కొడుకు ఇక్కడే పుట్టి, ఇక్కడే మెట్రిక్ చదివి, ఐటీఐలో ఫిట్టరు పని నేర్చి, బొగ్గు నాణ్యతను పరీక్షించే ఒక చిన్న ప్రైవేటు ప్రయోగశాలలో సహాయకుడిగా చేరారు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నేను ఎమ్మెస్సీ పట్టా పుచ్చుకుని అక్కడ కెమిస్టుగా అడుగుపెట్టేనాటికి ఆయనకు నలభై దాటాయి. నేను టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువాణ్ణని తెలియగానే "మనోడే" అని నవ్వారు. ఆ పూట నుంచే ఆయన్ను బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను.

మా పరీక్షలన్నింటిలో ముఖ్యమైనది బొగ్గు దహనోష్ణాన్ని కొలవడం. ఒక గ్రాము బొగ్గు పూర్తిగా కాలితే ఎంత వేడి పుడుతుందో తేల్చడం అన్నమాట. దానికి వాడే పరికరం బాంబ్ కెలోరీమీటరు. పేరు భయపెట్టేదే గాని, పద్ధతి సులువైనది. గట్టి ఉక్కు పాత్రలో చిటికెడు బొగ్గుపొడి ఉంచి, ఒత్తిడితో ఆక్సిజన్ నింపి, మూత బిగించి, దాన్ని నీళ్లున్న చిన్న బకెట్టులోకి దింపుతారు. సన్నని తీగలో కరెంటు పంపి లోపల నిప్పంటిస్తారు. బొగ్గు కాలిన వేడికి బకెట్టులోని నీళ్లు రెండు మూడు డిగ్రీలు వెచ్చబడతాయి. ఆ పెరుగుదలను డిగ్రీలో వెయ్యోవంతు దాకా చూపగల థర్మామీటరుతో చూస్తారు. వేడి అంతటా సమానంగా పరుచుకోవడానికి నీటిని కలియబెడుతూ ఉండాలి. అందుకు పైమూత మీద ఒక చిన్న మోటారు, దాని నుంచి నీళ్లలోకి దిగే లోహపు కడ్డీ, కడ్డీ చివర రెక్కలు ఉండేవి. ఈ కథంతా ఆ కడ్డీ గురించే.

నేను చేరిన వారంలోనే ఆయన నా ప్రాణం కాపాడారు. బాంబు మూత మర బిరుసుగా తిరుగుతోందని, ఒక చుక్క నూనె రాయబోయాను. ఎక్కడున్నారో గాని వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. "నూనె వద్దు బాబూ. లోపల ఆక్సిజన్ ఒత్తిడి ఉంటాది. నూనె తగిలితే బొగ్గుకన్నా ముందు మనం కాల్తాం." ఆ సంగతి నేను పుస్తకంలో చదివే ఉన్నాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చదివినది నా చేతికి అందలేదు, అంతే. ఆయన ఈ మాట ఎవరితోనూ అనలేదు. నూనె సీసాను మాత్రం ఆ గదిలోంచి తీసుకుపోయి వర్క్‌షాపులో పెట్టి వచ్చారు.

థర్మామీటరు దగ్గర ఆయన నిలబడే తీరు ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. సన్నని గొట్టంలో పాదరసం ఒక్కోసారి అతుక్కుని ఆగిపోతుంది. అందుకని చూడబోయే ముందు పెన్సిలు వెనక రబ్బరుతో గొట్టాన్ని మెల్లగా తట్టేవారు. నిద్రపోతున్న పసిబిడ్డను లేపినట్టు ఉండేది ఆ తట్టడం. పరీక్ష నడుస్తున్నంతసేపూ తలుపు తెరవనిచ్చేవారు కాదు. ఒకసారి మా మేనేజరు గారే టీ కప్పు చేత్తో పట్టుకుని లోపలికి రాబోతే, "సాబ్, చాయ్ బాహర్," అన్నారు వినయంగా. ఆయన బయటే నిలబడి తాగారు. "తెర్మామీటరు అబద్ధమాడదు బాబూ. ఆడితే సూసినోడే ఆడాల," అనేవారు సింహాచలం గారు. అప్పట్లో ఆ మాట విని నవ్వేవాణ్ణి.

రెండేళ్లు గడిచాక, ఒక మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"రమణబాబూ, ఒకటి అడగనా? పొద్దున్న కాల్చిన బొగ్గే మజ్జాన్నం కాల్చితే ఎక్కువ వేడి సూపిత్తన్నాది. పూటకో గుణం ఉంటాదేటి బొగ్గుకి?"

"ఎండలు కదా బాబాయ్, గది వేడెక్కుతోంది," అన్నాను తలెత్తకుండానే.

"గది వేడి కూడా రాసుకున్నాను. అది మారని రోజు కూడా ఇంతే."

జేబులోంచి చిన్న డైరీ తీశారు. మా దగ్గర బెంజోయిక్ ఆమ్లం గోళీలు ఉండేవి. వాటిని ఎన్నిసార్లు కాల్చినా ఒకటే వేడి రావాలి. పరికరం సరిగ్గా ఉందో లేదో తేల్చే గీటురాళ్లవి. ఆయన రోజూ పనివేళకు ముందు వచ్చి ఒక గోళీ, మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఒక గోళీ కాల్చి చూస్తున్నారు. మూడు వారాల అంకెలు వరుసగా ఉన్నాయి. ప్రతి రోజూ మధ్యాహ్నపు అంకె పెద్దది.

"మోటారు గరమైపోతన్నాది బాబూ. ఆ వేడి కడ్డీ పట్టుకుని నీళ్లలోకి దిగిపోతన్నాది. ముట్టుకుని సూడండి."

వెళ్లి ముట్టుకున్నాను. వేలు చురుక్కుమంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నిప్పంటించడానికి ముందు కొన్ని నిమిషాలు, ఆ తర్వాత కొన్ని నిమిషాలు థర్మామీటరును గమనించాలని నియమం. బయటి నుంచి వచ్చే వేడి ఏదైనా ఉంటే అప్పుడు తెలిసిపోతుంది. నమూనాలు పేరుకుపోతున్నాయని ఆ నిరీక్షణను కుదించేసింది నేనే. ఆ నియమం పాటించి ఉంటే ఈ లోపం మొదటి నెలలోనే పట్టుబడేది. అంతవరకూ వెళ్లిన మధ్యాహ్నపు నివేదికలన్నింటి మీదా ఉన్న సంతకం నాది.

"ఏం చేద్దాం బాబాయ్?" అని అడిగాను.

"మోటారుని మూత మీంచి తీసేద్దాం. పక్కన స్టాండు మీద ఎట్టి, కుట్టుమిషను బెల్టుతో తిప్పుదాం. కడ్డీని మజ్జకి కోసి, వేడి దిగని ముక్క ఒకటి అతుకుదాం. మీరు సరే అంటే రెండు సెలవురోజుల్లో సేసేత్తాను."

"కానీండి బాబాయ్," అన్నాను. ఆ మాట అన్నది నేను. ఆ గదిలో మరొకరు లేరు.

ఆయన పాత స్విచ్‌బోర్డులోంచి వేడిని దాటనివ్వని బేకలైటు ముక్క సంపాదించారు. ఎవరో మిత్రుడి లేతు మిషను మీద దాన్ని గుండ్రంగా తిప్పించి, కడ్డీ రెండు ముక్కల మధ్య బిగించారు. సాక్చీలో బెల్టు కొన్నారు. సోమవారం ఉదయం నుంచి సాయంత్రం దాకా వరుసగా ఆరు గోళీలు కాల్చాం. ఆరు అంకెలూ అక్కచెల్లెళ్లలా ఒకే పోలికతో వచ్చాయి. డైరీ మూసి, "ఇంక దీనికి పూట తెలీదు బాబూ," అన్నారు. ఆయన ముఖంలో అంతటి వెలుగు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నెల తిరక్కుండానే తనిఖీ వచ్చింది. ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే సంస్థ పంపిన ఇద్దరు పరీక్షకులు గది గదీ తిరిగి, కెలోరీమీటరు దగ్గర ఆగారు. తయారీదారు ఇచ్చిన బొమ్మలో మోటారు మూత మీద ఉంది. ఇక్కడ పక్కన ఉంది. అనుమతిపత్రం ఏదని అడిగారు. మేనేజరు గారు నావైపు తిరిగి, ఇదెవరి పని అని అడిగారు.

"యే కిస్‌నే కియా, రమణ?"

నాకు తెలుసునంటే, ఎందుకు మార్చారన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకే మధ్యాహ్నపు నివేదికలు వస్తాయి. వాటి వెనక నా సంతకం వస్తుంది. ఆ నెలాఖరుకు నేను సీనియర్ కెమిస్టు కావలసి ఉంది. ఇవన్నీ ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను గాని, ఎక్కువసేపు పట్టలేదు.

"ముఝే మాలూమ్ నహీ, సర్," అన్నాను, నాకు తెలియదని.

సింహాచలం గారు నాకు మూడడుగుల దూరంలో ఉన్నారు. మేనేజరు గారు ఆయన వైపు తిరిగి, "తుమ్‌నే కియా? కిస్‌సే పూఛ్ కర్?" అని, ఎవరినడిగి చేశావని గద్దించారు. సింహాచలం గారు ఒక్కసారి నా ముఖంలోకి చూశారు. అందులో కోపం లేదు. నేను ఏమైనా చెప్పబోతున్నానేమో అని కాస్త ఆగినట్టు ఉంది ఆ చూపు. నేను నేలకేసి చూశాను.

"కిసీ సే నహీ, సాబ్. అప్నే మన్ సే కియా," అన్నారాయన. ఎవరినీ అడగలేదు, నా అంతట నేనే చేశాను అని.

ఆ సాయంత్రానికల్లా మోటారు తిరిగి మూత మీదికి ఎక్కింది. ఆయన చేతికి మెమో వచ్చింది. మర్నాటి నుంచి ఆయన పని బొగ్గు పొడిచేసే గదిలో. లారీల్లోంచి తెచ్చిన పెళ్లలను యంత్రంలో వేసి నలగ్గొట్టి, జల్లెడ పట్టి, నమూనా పొట్లాలు కట్టే గది అది. రోజంతా నల్లని ధూళి. నేను సీనియర్ కెమిస్టునయ్యాను. ముఖ్యమైన నమూనాలన్నీ పొద్దున్నే కాల్చాలని ఒక ఏర్పాటు చేశాను. కారణం ఎవరికీ చెప్పలేదు. ఆయన్ను బాబాయ్ అనడం మానేశాను. ఆ పిలుపు నోటి దాకా వచ్చి ఆగిపోయేది. 'సింహాచలం గారూ' అనేవాణ్ణి. ఆ మార్పు ఆయన గమనించకుండా ఉండరు.

ఆ గదిలో కూడా ఆయన తన స్వభావం వదులుకోలేదు. నలగని గట్టి ముక్కలను పారేసి, మెత్తగా అయినదాన్నే పొట్లం కట్టడం అక్కడివారి అలవాటు. సింహాచలం గారు ఆ ముక్కలను ఏరి మళ్లీ మళ్లీ యంత్రంలో వేసేవారు. తోటి పనివాడు విసుక్కుంటే, "రాయి ముక్క కూడా ఆ బొగ్గుదే కదరా. అది పారేత్తే మనం అబద్ధం సెప్పినట్టే," అన్నారట. ఈ మాట ఆ పనివాడే నాతో నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

కొన్నేళ్లకు మేనేజరు మారారు. పరికరాల్లో మెరుగుదలలు సూచించమని కొత్తాయన అందర్నీ అడిగారు. నేను ఒక కాగితం రాసి ఇచ్చాను. మోటారును పక్కకు జరపాలి, కడ్డీ మధ్యలో ఉష్ణాన్ని అడ్డుకునే ముక్క పెట్టాలి, బెల్టుతో తిప్పాలి. కింద నా పేరు. సింహాచలం గారి పేరు రాస్తే, పాత కథ బయటికి వస్తుంది. రాయలేదు. వర్క్‌షాపువాళ్లు చక్కగా తయారుచేసి బిగించారు. తీరా చూస్తే అంకెలు నిలకడగా రావడం లేదు. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. ఒక ఉదయం నమూనాల ట్రే పట్టుకుని వచ్చిన సింహాచలం గారు గుమ్మంలోనే ఆగి, చెవి ఒగ్గి విన్నారు.

"బెల్టు జారతన్నాది బాబూ. సప్పుడు ఇనండి. వారానికోపాలి బిగించాల." ట్రే కింద పెట్టి, లోపలికి వచ్చి, మరమేకు రెండు చుట్లు తిప్పి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయారు. ఆ పరికరం మరి మొరాయించలేదు.

మరుసటి తనిఖీలో పరీక్షకులు మెచ్చుకున్నారు. ఇది ఎవరి ఆలోచన అని అడిగారు. మేనేజరు గారు నన్ను చూపించారు. నేను వినయంగా తల వంచాను. ఆ వంచడంలో వినయమేమీ లేదని తెలిసినవారు ఆ భవనంలో ఒక్కరే. ఆయన అదే వేళకు నమూనాలతో గుమ్మంలో ఉన్నారు.

ఆ సాయంత్రం సైకిళ్ల షెడ్డు దగ్గర కాపుకాసి ఆయన్ను ఆపాను. "సింహాచలం గారూ, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"మషీను బాగా నడుత్తన్నాది కదా బాబూ," అన్నారు. సైకిలు తాళం తీస్తూ, నావైపు చూడకుండా, "నన్ను ఓపాలి ఆ గదికి మల్లీ పిలుత్తారనుకున్నాను," అన్నారు.

ఆయన జీవితంలో నన్ను అడిగింది అదొక్కటే. ఆ పని నా చేతిలో ఉంది. ఒక్క సంతకం చాలు. అయినా నేను పిలవలేదు. రోజూ ఆయన ముఖం ఎదురుగా ఉంటే నేను పని చేయలేనని భయం. ఆయన బొగ్గు పొడిగదిలోనే పదవీ విరమణ చేశారు.

ఆయన పోయిన రోజున వచ్చిన డాక్టరును నేను పక్కకు తీసుకెళ్లి, ఊపిరితిత్తుల జబ్బేమైనా ఉందా అని అడిగాను. లేదు, గుండె ఆగింది అన్నారు. రెండోసారి కూడా అడిగి రూఢి చేసుకున్నాను. అలా ఎందుకు అడిగానో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

సంతాపసభ భాలుబాసాలో, మన తెలుగువాళ్లు కూడుకునే హాల్లో జరిగింది. నన్ను మాట్లాడమన్నారు. నిరాడంబరుడన్నాను, నిష్కామకర్మయోగి అన్నాను, తెలిసిన సంస్కృతమంతా ఆయన పటం ముందు కుమ్మరించాను. కూర్చోబోతుండగా గౌరి లేచి, "అంకుల్ గురించి నాన్న ఎప్పుడూ చెప్పేవారు," అంది. "హమారే రమణబాబు నే మషీన్ కో ఠీక్ కియా అని, మషీను బాగుచేసింది మీరేనని. నేను పక్కన పానా పట్టుకున్నాను అంతే అనేవారు. మీలాంటి పెద్దచదువుల మనిషితో పనిచేసినందుకు గర్వపడేవారు అంకుల్. థాంక్యూ."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంట్లో కూడా ఆయన నా పరువు కాపాడారు. నోరు విప్పడానికి భగవంతుడు నాకిచ్చిన మూడో అవకాశం అది. నేను చేతులు జోడించి కూర్చున్నాను.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడోనాడు మధ్యాహ్నం భుయ్యాడీహ్ వెళ్లి, ఆయన భార్య నారాయణమ్మ గారి ఎదుట, గౌరి ఎదుట కూర్చుని, కడ్డీ దగ్గర్నుంచి సైకిళ్ల షెడ్డు దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. గౌరి, "ఆప్‌నే హాల్ మే క్యూఁ నహీ బోలా, అంకుల్?" అంది. హాల్లో ఎందుకు చెప్పలేదని.

నారాయణమ్మ గారు నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు.

"ఆయనకి సెప్పవలసిన మాట బాబూ ఇది," అన్నారు. "మాకెందుకు సెప్తన్నారు ఇప్పుడు? రోజూ ఆ నల్లబట్టలు నాను ఉతికాను. ఎందుకలా పంపించీసారని అడిగితే, పెద్దోళ్ల ఇష్టం అన్నారు. అంతకుమించి ఏటీ అన్నేదు."

తెలుగు సంఘం వారు సంచికలో ఆయన గురించి రాయమన్నారని, ఇదంతా రాయడానికి అనుమతి కావాలని అడిగాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని ఆలోచించారు.

"రాయండి. అయితే మంచోడని రాయకండి. పోయినోళ్లందరికీ అదే రాత్తారు. ఆయనకి పని వచ్చని రాయండి."

అందుకని రాస్తున్నాను. కెలోరీమీటరులో మోటారు వేడి నీటిలోకి దిగుతోందని కనిపెట్టినవారు సింహాచలం గారు. దాన్ని అరికట్టే ఉపాయం ఆలోచించినవారు, తన చేతులతో అమర్చినవారు, వేరొకరు చెడగొట్టుకున్నదాన్ని సరిచేసినవారు కూడా ఆయనే. నా కాగితం మీద ఉన్న పేరు అబద్ధం. ఈ విషయం పాత ప్రయోగశాలకు ఉత్తరం రాశాను. అక్కడ ఇప్పుడు అంతా తనంత తాను నడిచే కొత్త యంత్రమట. పాతదాన్ని తుక్కు కింద తీసేశారట. ఆయన పేరు రాయడానికి ఆ పరికరం కూడా మిగల్లేదు. అటువంటి చెవి, అటువంటి వేళ్లు, అంకె తప్పితే నిద్రపట్టని అటువంటి అంతఃకరణం మన మధ్య మరొకటి నేను ఎరగను. ఆయన చోటు భర్తీ అయ్యేది కాదు. నేను క్షమాపణ కోరవలసిన మనిషి ఇక లేరు గనుక, ఆ క్షమాపణ కోరే హక్కు కూడా నాకు లేదు.

సింహాచలం గారికి పని వచ్చు. నాకు దానికింద సంతకం పెట్టడం మాత్రమే వచ్చు.